చార్జ్: ఒక్క ఇంగ్లీషు మాట, ఎన్నో అర్థాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

బస్సుకు చార్జీ, ఫోనుకు చార్జింగు, కోర్టులో చార్జిషీటు, ఆఫీసులో ఇన్‌చార్జి, ధర్నా మీద లాఠీచార్జి. ఇంగ్లీషు రాదనుకునేవాళ్లు కూడా రోజూ వాడే మాట ఇది. చిక్కంతా కాయితం చేతికొచ్చినప్పుడే. కరెంటు బిల్లు, ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) నకలు, మెమో, ఆసుపత్రి కాయితం – అన్నిటిలోనూ ఇదే మాట కనిపిస్తుంది, ఒక్కో చోట ఒక్కో అర్థంలో. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పోటీ పరీక్షలకు చదివేవారు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, ఇంటి కాయితాలు తామే చూసుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

ఇన్ని అర్థాలకూ మూలం ఏమిటి?

బరువు. లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే చక్రాల బండి. దాని నుంచి ‘కర్రికారె’ వచ్చింది, బండికి సరుకు ఎత్తడం అని అర్థం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి చార్జ్ అయింది. కారు, క్యారీ, కార్గో, మనం అన్నం పట్టుకెళ్లే క్యారేజీ కూడా ఆ కుటుంబానివే.

ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతావి బట్టీ పట్టనక్కర్లేదు. మనిషి మీద నేరం మోపితే చార్జ్. బాధ్యత నెత్తిన పెడితే చార్జ్. కొనేవాడి మీద డబ్బు భారం వేస్తే చార్జ్. బ్యాటరీలోకి కరెంటు ఎక్కిస్తే చార్జ్. వాక్యంలో ఈ మాట తగిలినప్పుడల్లా ‘ఎవరి మీద ఏం ఎక్కిస్తున్నారు’ అని చూసుకోండి, అర్థం దొరుకుతుంది. ఆ బరువు దించేస్తే డిశ్చార్జ్, మళ్లీ ఎక్కిస్తే రీచార్జ్, మోతాదు మించితే ఓవర్‌చార్జ్.

చార్జ్, చార్జి, చార్జీ, ఛార్జ్ – ఏది సరైనది?

ఇంగ్లీషులో ఇది ఒకే అక్షరంగా పలికే మాట, చివర అచ్చు లేదు. ఒత్తు ‘ఛ’ ధ్వని కూడా అందులో లేదు. కాబట్టి ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ‘చార్జ్’ అనండి. తెలుగు రాతలో మాత్రం చ, ఛ రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదీ తప్పు కాదు. ఒకే వ్యాసంలో రెండూ కలపకపోతే చాలు. తెలుగువాళ్లు ఈ మాటను అర్థాన్ని బట్టి చక్కగా విడగొట్టుకున్నారు కూడా: డబ్బైతే చార్జీ, ఫోనుకైతే చార్జింగు, పదవికైతే చార్జి. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు.

‘టెక్కలికి బస్ చార్జ్ ఎంత’ అని ఇంగ్లీషులో అడగవచ్చా?

అర్థమవుతుంది గానీ, పరీక్షలో మార్కు పోతుంది. బస్సు, రైలు, ఆటో ప్రయాణానికి ఇచ్చేది ‘ఫేర్’. డాక్టరుకు, లాయరుకు, కాలేజీకి కట్టేది ‘ఫీ’. మడపాం దగ్గర హైవే మీద కట్టేది ‘టోల్’. తప్పు చేసినందుకు కట్టేది ‘ఫైన్’. ఇంటికి ‘రెంట్’. వస్తువు మీద ఉండేది ‘ప్రైస్’. ఇవేవీ కాకుండా, ఏదైనా సేవకు తీసుకునే సొమ్ము ‘చార్జ్’: డెలివరీ చార్జ్, పార్కింగ్ చార్జ్, బ్యాంకులో మినిమమ్ బ్యాలెన్స్ తగ్గితే కోసే చార్జ్.

క్రియగా మాత్రం దేనికైనా వాడుకోవచ్చు. ‘ది ఆటో డ్రైవర్ చార్జ్‌డ్ మీ ఫిఫ్టీ రుపీస్’ పూర్తిగా సరైన వాక్యమే. ‘ఫ్రీ ఆఫ్ చార్జ్’ అన్నప్పుడు చార్జ్ చివర ఎస్ పెట్టకూడదు.

విత్, ఫర్, టు, ఎట్ – దేని పక్కన ఏది?

పోటీ పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నేరానికి ‘విత్’: ‘హి వాజ్ చార్జ్‌డ్ విత్ థెఫ్ట్’. అదే ‘అక్యూజ్’ అయితే ‘ఆఫ్’ వస్తుంది. ఈ రెంటినీ తారుమారు చేసి తప్పు కనిపెట్టమంటారు. దేనికోసం డబ్బు తీసుకున్నారో చెప్పడానికి ‘ఫర్’: ‘దే చార్జ్‌డ్ ట్వెంటీ రుపీస్ ఫర్ పార్కింగ్’. ఎవరి ఖాతాలో రాయాలో చెప్పడానికి ‘టు’: ‘చార్జ్ ఇట్ టు మై అకౌంట్’. మీదికి దూకడానికి ‘ఎట్’: ‘ది బుల్ చార్జ్‌డ్ ఎట్ హిమ్’. బాధ్యత అప్పగించినప్పుడు కూడా ‘విత్’ వస్తుంది: ‘షి వాజ్ చార్జ్‌డ్ విత్ ది డ్యూటీ ఆఫ్ కౌంటింగ్ ఓట్స్’. అక్కడ నేరమేమీ లేదు. విత్ తర్వాత వచ్చే మాటను బట్టే తేల్చుకోవాలి.

‘ఇన్ చార్జ్ ఆఫ్’, ‘ఇన్ ది చార్జ్ ఆఫ్’ ఒకటేనా?

కాదు, రెంటికీ వ్యతిరేక అర్థాలు. ‘ది టీచర్ ఈజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ది చిల్డ్రన్’ అంటే టీచరు చూసుకుంటున్నారు. ‘ది చిల్డ్రన్ ఆర్ ఇన్ ది చార్జ్ ఆఫ్ ది టీచర్’ అంటే పిల్లలు టీచరు సంరక్షణలో ఉన్నారు. మధ్యలో ‘ది’ వచ్చిందంటే వాక్యం మొదట ఉన్నవారు చూసేవారు కాదు, చూడబడేవారు.

మనం ‘ఆయన ఇన్‌చార్జి’ అన్నట్టే భారతీయ ఇంగ్లీషులో ‘ది ఇన్‌చార్జ్’ అని నామవాచకంగా వాడతాం. బయటి దేశాల ఇంగ్లీషులో అలా రాయరు, ‘ది ఆఫీసర్ ఇన్ చార్జ్’ అంటారు.

ఎఫ్‌ఏసీ అంటే ఏమిటి? చార్జి అప్పగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఫుల్ అడిషనల్ చార్జ్. తన పోస్టు తనకుండగానే ఖాళీగా ఉన్న మరో పోస్టు బాధ్యత మొత్తం మోయడం. బడుల్లో ఎఫ్‌ఏసీ హెచ్‌ఎం, మండలాల్లో ఎఫ్‌ఏసీ తహసీల్దారు అని వినేది ఇదే. దీనికి ఇచ్చే అలవెన్సు ఫండమెంటల్ రూల్ 49 కింద వస్తుంది. నోటిమాటగా చార్జి తీసుకుంటే అలవెన్సు రాదు. సమర్థ అధికారి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి.

చార్జి మార్పిడిలో ఇద్దరూ సంతకం పెట్టే కాయితాన్ని సీటీసీ (సర్టిఫికెట్ ఆఫ్ ట్రాన్స్‌ఫర్ ఆఫ్ చార్జ్) అంటారు. అందులో తేదీ పక్కన ఎఫ్‌ఎన్ గానీ ఏఎన్ గానీ రాస్తారు. ఎఫ్‌ఎన్ పొద్దుట, ఏఎన్ మధ్యాహ్నం. ఆ రెండక్షరాల మీదే ఆ రోజు జీతం ఎవరిదో, సర్వీసు ఏ రోజు నుంచి లెక్కో ఆధారపడుతుంది. ఖాళీగా వదలకండి.

సంతకానికి ముందు క్యాష్‌బుక్ ముగింపు నిల్వను చేతిలో ఉన్న డబ్బుతో, బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూడాలి. బడి అయితే మధ్యాహ్న భోజనం బియ్యాన్ని తూకం వేసి రిజిస్టరుతో పోల్చాలి. వాడని చెక్కుల నంబర్లు, తాళాలు, సర్వీసు రిజిస్టర్లు, ఆన్‌లైన్ లాగిన్‌లు విడివిడిగా జాబితా రాయాలి. మొహమాటానికి పోయి లెక్కపెట్టకుండా సంతకం పెడితే, అంతకుముందున్న తరుగు కూడా కొత్తగా వచ్చినవారి నెత్తినే పడుతుంది. తక్కువ కనిపిస్తే గొడవ పడనక్కర్లేదు. ఎంత తక్కువుందో ఆ కాయితం మీదే రాసి సంతకం పెడితే సరిపోతుంది.

చార్జ్ మెమో, చార్జిషీటు ఒకటేనా?

చార్జ్ మెమో శాఖాపరమైనది. రాష్ట్ర ఉద్యోగుల మీద పెద్ద శిక్షకు దారితీసే విచారణ 1991 నాటి సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు)లో 20వ నిబంధన ప్రకారం జరుగుతుంది. అందులో ఒక్కో ఆరోపణను ఒక్కో ‘ఆర్టికల్ ఆఫ్ చార్జ్’గా రాస్తారు. జవాబు కూడా ఆర్టికల్ వారీగా, మెమోలో ఇచ్చిన గడువులోగా రాయాలి. అన్నిటికీ కలిపి ‘నేను నిర్దోషిని’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మీ వాదన రికార్డులోకి ఎక్కదు.

చార్జిషీటు పోలీసులది. దర్యాప్తు ముగిశాక కోర్టులో వేసే నివేదిక అది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ కింద వేస్తున్నారు. అంతకుముందు సీఆర్‌పీసీ 173. చార్జిషీటు పడగానే నేరం మోపినట్టు అనుకుంటారు గానీ, అసలు చార్జ్ రాసేది జడ్జి. పోలీసుల కాయితాలు చూసి, ప్రాథమికంగా ఆధారం ఉందనిపిస్తే జడ్జి అభియోగాలు నిర్ణయిస్తారు, నిందితుడికి చదివి వినిపిస్తారు, ఒప్పుకుంటావా అని అడుగుతారు. తీర్పు చెప్పేలోగా ఆ అభియోగాలను మార్చే, కొత్తవి చేర్చే అధికారం కూడా కోర్టుకు ఉంది. చిన్న శిక్షలుండే సమన్స్ కేసుల్లో చార్జ్ రాయనక్కర్లేదు. ఆరోపణ సారాంశం చెబితే చాలు.

జైల్లో మనవాళ్లున్నవారు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. మరణశిక్షగానీ, యావజ్జీవంగానీ, పదేళ్లు అంతకు మించిన జైలుగానీ పడే నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజుల్లోగా చార్జిషీటు పడకపోతే నిందితుడికి బెయిలు హక్కు వస్తుంది. అది దానంతటదే రాదు, అడగాలి. అడిగేలోపు చార్జిషీటు పడిపోతే ఆ హక్కు పోతుంది. రోజులు లెక్కపెట్టేది రిమాండు విధించిన తేదీ నుంచి, అరెస్టు తేదీ నుంచి కాదు.

కోర్టులో ‘డిశ్చార్జ్’ అంటే కేసు కొట్టేసినట్టేనా?

విచారణ మొదలుపెట్టడానికి తగిన ఆధారం లేదని, అభియోగాలు రాయకముందే వదిలేయడం డిశ్చార్జ్. సాక్షుల్ని విని, నేరం రుజువు కాలేదని తేల్చడం అక్విటల్. డిశ్చార్జ్ అయినవారి మీద కొత్త ఆధారాలు దొరికితే మళ్లీ విచారణ జరగవచ్చు. అక్విటల్ అయ్యాక, ఆ తీర్పు నిలిచినంతకాలం, అదే నేరానికి మళ్లీ విచారించకూడదు.

ఆసుపత్రిలో డిశ్చార్జ్ అంటే ఇంటికి పంపడం. డిశ్చార్జ్ సమ్మరీ లేకుండా బయటికి రావద్దు. ఏ మందు ఎన్నాళ్లు వాడాలో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో అందులోనే ఉంటుంది. విశాఖ కేజీహెచ్‌కి వెళ్లినా మొదట అడిగేది అదే. పుండు నుంచి కారే చీమును కూడా డిశ్చార్జ్ అనే రాస్తారు.

వంశధార వరద వార్తల్లో గొట్టా బ్యారేజీ డిశ్చార్జ్ ఇన్ని క్యూసెక్కులు అంటే కిందికి వదులుతున్న నీరు. ఒక క్యూసెక్కు సెకనుకు సుమారు 28.3 లీటర్లు. అంటే పది వేల క్యూసెక్కులకు సెకనుకు రెండు లక్షల ఎనభై మూడు వేల లీటర్లు.

‘లైన్ చార్జ్ చేశారు’ అని కరెంటువాళ్లు అంటారు. ఫోనులా లైను కూడా చార్జ్ అవుతుందా?

లైను కరెంటును దాచుకోదు. ఆపి ఉంచిన తీగల్లోకి మళ్లీ సరఫరా ఎక్కించడమే లైను చార్జ్ చేయడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానమంతా స్తంభాలు ఒరిగిపోయాయి. ఊరు ఊరుకీ ‘లైను చార్జయిందా’ అనే ప్రశ్నే వినిపించింది.

ఈ పని వరస తప్పితే ప్రాణాలు పోతాయి కాబట్టి వివరంగా చెబుతున్నాం. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లోని షిఫ్టు ఆపరేటరు దగ్గర ఎల్‌సీ తీసుకుంటాడు. లైన్ క్లియర్ అని దాని పేరు, లైను ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి. ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు తెచ్చే లైను) ఆపుతారు, పని జరిగే చోట లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి తాళం వేస్తారు. అయినా వెంటనే తీగ ముట్టుకోకూడదు. ముందు టెస్టరుతో చూసి, తర్వాత డిశ్చార్జ్ రాడ్డు కింది కొసను భూమికి కలిపి, పై కొక్కేన్ని తీగకు తగిలించాలి. తీగలో మిగిలి ఉన్నది, పక్క లైను నుంచి ప్రేరణతో వచ్చినది భూమిలోకి పోతుంది. పొరపాటున ఎవరైనా స్విచ్ వేసినా ఆ రాడ్డే కాపాడుతుంది. పనయ్యాక మనుషులు దిగి, రాడ్లన్నీ తీసి, లెక్క చూసుకుని, ఎల్‌సీ తీసుకున్న మనిషే దాన్ని తిరిగిచ్చాకే లైను చార్జ్ చేస్తారు. చార్జ్ చేయగానే బ్రేకరు పడిపోతే ఎక్కడో కొమ్మ తగులుతోందని, ఇన్సులేటరు పగిలిందని, లేదా రాడ్డు తీయడం మరిచారని అర్థం. అలాంటప్పుడు మళ్లీ మళ్లీ వేసి చూడటం ప్రమాదం. లైను నడిచి చూసి, ముక్కలు ముక్కలుగా చార్జ్ చేయాలి.

ఇళ్లవాళ్ల వల్ల జరిగే ప్రమాదం ఒకటుంది. తుఫాను రోజుల్లో జనరేటరును చేంజోవర్ స్విచ్ (బయటి లైను, జనరేటరు – రెంటిలో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) లేకుండా ఇంటి వైరింగుకు కలుపుతారు. ఆ 230 వోల్టులు మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మరుకు ఎదురెక్కి, అవతల 11 వేల వోల్టులై చచ్చిన లైనును చార్జ్ చేస్తాయి. ఎల్‌సీ తీసుకున్నాననే ధైర్యంతో పైన ఉన్న మనిషికి అది తెలియదు. జనరేటరు కొంటే చేంజోవర్ కూడా కొనాల్సిందే. తెగిన తీగ కనిపిస్తే దూరంగా నిలబడి 1912కు ఫోన్ చేయండి. రైలు పట్టాల పైనున్న తీగ చార్జ్ అయిందని నోటీసు వచ్చిందంటే అందులో 25 వేల వోల్టులున్నట్టు. గెడతో, తడి తాడుతో దాని దరిదాపులకు కూడా వెళ్లకూడదు.

కరెంటు బిల్లులో అన్ని చార్జీలెందుకు?

ఎనర్జీ చార్జీలు మీరు వాడిన యూనిట్లకు, స్లాబు ప్రకారం. ఫిక్స్‌డ్ చార్జీలు మీరు ఒప్పుకున్న లోడుకు, ఇల్లు తాళం వేసి ఉన్నా పడతాయి. కస్టమర్ చార్జీలు మీటరు రీడింగు, బిల్లు పనికి. ట్రూఅప్, ఎఫ్‌పీపీసీఏ అనేవి కరెంటు కొన్న ఖర్చు ముందు వేసిన అంచనాను దాటినందుకు తర్వాత వసూలు చేసేవి. కాబట్టి ఈ నెల తక్కువ వాడినా పాత నెలల భారం ఇందులో కనిపించవచ్చు. గడువు దాటి కడితే పడేది సర్‌చార్జ్, అసలు చార్జ్ మీద మరో చార్జ్.

5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఒకసారి నిండడానికి ఎంత కరెంటు?

ఫిజిక్స్‌లో చార్జ్ అంటే విద్యుదావేశం, కొలత కూలుంబ్. ఒక ఆంపియరు ఒక సెకను పారితే ఒక కూలుంబ్. 5000 ఎంఏహెచ్ అంటే 5 ఆంపియర్లు గంటసేపు, అంటే 18,000 కూలుంబులు. బిల్లుకు కావలసింది ఆవేశం కాదు, శక్తి. 5 ఆంపియర్ అవర్లను సుమారు 3.85 వోల్టులతో హెచ్చిస్తే 19 వాట్ అవర్లు. చార్జరులో వేడిగా పోయేది కలిపితే 25 లోపు. ఒక్క యూనిట్‌తో దాదాపు 40 సార్లు ఫోను నిండుతుంది.

నెమ్మదిగా ఎక్కుతుంటే ముందు ఫోను రంధ్రంలో పేరుకున్న దూది చూడండి, తర్వాత కేబుల్ మార్చి చూడండి. ఫాస్ట్ చార్జింగుకు ఫోను, చార్జరు, కేబుల్ మూడూ ఒకే పద్ధతివి కావాలి. బ్యాటరీని ఎక్కువగా పాడుచేసేది వేడి. దిండు కింద పెట్టి చార్జ్ చేయకండి.

ఇన్వర్టరు బ్యాటరీ వేరు. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీకి 15 ఆంపియర్ల దగ్గర చార్జ్ ఎక్కితే పది పన్నెండు గంటలు పడుతుంది. డిస్టిల్డ్ వాటర్ చార్జ్ నిండాక పోయాలి. ముందే అంచుదాకా పోస్తే చార్జ్ అయ్యేటప్పుడు మట్టం పెరిగి యాసిడ్ పొంగుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయాలి. బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడే చోట పెట్టండి.

ఈసీలో మా పొలం మీద చార్జ్ ఉందని చూపిస్తోంది. అంటే?

ఆ భూమి ఏదో బాకీకి హామీగా ఉంది. ఆస్తి బదిలీ చట్టం 1882లో 100వ సెక్షన్ చెప్పే చార్జ్ ఇది. భూమికి యజమాని మీరే, కానీ బాకీ బరువు దాని మీద ఉంటుంది. బాకీ తీర్చినంత మాత్రాన ఈసీలోంచి ఆ వరస దానంతటదే పోదు. బ్యాంకు నుంచి నో డ్యూస్, రద్దు పత్రం తీసుకుని, తాకట్టు రిజిస్టరై ఉంటే రద్దునూ రిజిస్టరు చేయించాలి. తర్వాత కొత్త ఈసీ తీసి చూసుకోవాలి. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, అప్పు మొత్తం తీరిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగిచ్చి చార్జ్ తీయించాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. పొలం కొనేవారు అడ్వాన్సు ఇచ్చే ముందే ఈసీలో ఈ వరస చూడాలి.

హోటల్ బిల్లులో సర్వీస్ చార్జ్ కట్టాలా?

ఇష్టమైతేనే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అడగకుండా బిల్లులో కలపకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమంటే వినకపోతే 1915కు ఫిర్యాదు చేయవచ్చు. జీఎస్టీ వేరే, అది ప్రభుత్వ పన్ను, కట్టాలి.

లాఠీచార్జిలో, ఏనుగు చార్జ్ చేసిందన్నప్పుడు బరువెక్కడుంది?

గుర్రపు దళం బరువంతా శత్రువు మీద వేసి దూసుకెళ్లడం నుంచి వచ్చిన అర్థం ఇది. లాఠీచార్జ్ భారతీయ ఇంగ్లీషు మాట, బయట ‘బాటన్ చార్జ్’ అంటారు. సీతంపేట, కురుపాం వైపు ఒడిశా నుంచి ఏనుగులు దిగే ఊళ్లలో అటవీ సిబ్బంది నోట ‘మాక్ చార్జ్’ అని వినిపిస్తుంది. చెవులు విప్పార్చి, నాలుగడుగులు ఉరికి ఆగిపోతే అది బెదిరింపు. చెవులు వెనక్కి అంటించి, తొండం లోపలికి చుట్టి వస్తే నిజంగా మీదికొస్తున్నట్టు. రెంటికీ తేడా పోల్చుకునేంత దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది.

క్వారీలో, ఫర్నేసులో చార్జింగ్ అంటే?

టెక్కలి గ్రానైట్ క్వారీల్లో తొలిచిన రంధ్రాల్లో పేలుడు మందు నింపడం. గరివిడి ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసుల్లో ముడిఖనిజం, కోకు, సున్నపురాయి వంటివి పాళ్ల ప్రకారం లోపల వేయడం. ఏసీ మెకానిక్ చేసే గ్యాస్ చార్జింగూ అదే కోవ. అన్నిచోట్లా అసలు అర్థం, లోపల నింపడం.

‘చార్జ్‌డ్ అట్మాస్ఫియర్’, ‘షార్జే దఫేర్’ అని పేపర్లో చూశాం?

మొదటిది ఉద్రిక్తత నిండిన వాతావరణం. రెండోది ఫ్రెంచి మాట, రాయబారి లేనప్పుడు రాయబార కార్యాలయానికి ఇన్‌చార్జిగా ఉండేవారు.

కొరియరులో ‘చార్జబుల్ వెయిట్’ అసలు తూకం కంటే ఎక్కువ రాశారు. మోసమా?

చాలాసార్లు కాదు. విమానంలో వెళ్లే పార్సిలుకు తూకంతో పాటు అది ఆక్రమించే చోటు కూడా లెక్కిస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. వచ్చినదీ, అసలు తూకమూ – రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పలాస జీడిపప్పు 5 కిలోలు 40, 30, 30 కొలతల పెట్టెలో పెట్టారనుకోండి. 36,000ను 5000తో భాగిస్తే 7.2 కిలోలు. అదే పప్పును 35, 25, 25 పెట్టెలో బిగించి సర్దితే 4.4 వస్తుంది, అప్పుడు పెట్టె బరువుతో కలిపి అసలు తూకానికే కడతారు. కొన్ని సంస్థలు భాజకం వేరేది వాడతాయి, బుక్ చేసే ముందే అడగండి.